చూడకుండా అన్న ‘చెక్డ్’

ఆ రోజు నేను తెర వైపు చూడకుండానే ‘చెక్డ్’ అన్నాను. తప్పు అక్కడే మొదలైంది.

చెన్నై నుంచి హైదరాబాద్ వస్తున్నాం. విమానాన్ని ఆటోపైలట్ నడుపుతోంది. ఎంత ఎత్తుకు దిగాలో కంట్రోల్ వాళ్లు చెబుతారు. కెప్టెన్ ఆ అంకె పెడతారు. కో-పైలట్‌నైన నేను తెర మీద అదే అంకె ఉందో లేదో చూసి ‘చెక్డ్’ అనాలి. యంత్రం తనకిచ్చిన అంకెకే దిగుతుంది. అది తప్పో ఒప్పో దానికి తెలియదు. అందుకే మేమిద్దరం ఉండేది.

కెప్టెన్‌ది మాచర్ల, నాది నరసరావుపేట. నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. తెర మీద వేలు పెట్టి, చదివి, అప్పుడు చెప్పమని నాకు నేర్పింది ఆయనే. రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలుంది. ఆఖరి ఫ్లైట్‌లో వదినను ముందు వరుసలో కూర్చోబెట్టుకుని రావాలని ఆయన ఆశ.

నా కుడి కిటికీలో సాగర్ నీళ్లు కనిపించాయి.

“మా మాచర్ల ఏడుందో చెప్పు తమ్ముడూ, చూద్దాం,” అన్నారు.

“ఆ పొగంతా పిడుగురాళ్ల సున్నం బట్టీలదన్నా. దానికి ఇవతల...”

“పేటోడికి సినిమా హాళ్లు తప్ప ఇంకేం తెలుస్తయ్‌లే.”

పౌరుషానికి పోయి ఇంకా వెతుకుతున్నాను. అప్పుడే కంట్రోల్ వాళ్లు పదహారు వేల అడుగులకు దిగమన్నారు. అన్న అంకె పెట్టి, “పదహారు వేలు” అన్నారు. నేను కిటికీలోంచి తల తిప్పకుండానే ‘చెక్డ్’ అన్నాను. అన్న పెట్టింది తప్పవుతుందని నాకు తోచనే లేదు. ఆయన చేయి పదిహేను వేల దగ్గర ఆగింది. విమానం బుద్ధిగా పదహారు దాటి దిగిపోయింది. కింద ఇంకో విమానం ఉందని కంట్రోల్ హెచ్చరిస్తే మళ్లీ పైకి లేపాం. ప్రయాణికులకు తెలియనే తెలియదు.

విచారణ నాటికి మా మాటల రికార్డు తర్వాతి ఫ్లైట్ల మాటల కింద చెరిగిపోయింది. అంకెలు మాత్రం మిగిలాయి. నన్నడిగినప్పుడు, “పదిహేను ఉందని చెప్పాను, కెప్టెన్ పట్టించుకోలేదు,” అన్నాను. ఉద్యోగం పోతుందని భయం. అన్న నా వైపు ఒకసారి చూసి, బల్ల మీదికి చూపు దించుకున్నారు.

“చెప్పాడేమో. నాకు వినపడలేదు.”

ఆయన్ను మళ్లీ ఎగరనివ్వలేదు. రిటైరైన రోజు ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజు నాకు అదే రూటులో డ్యూటీ. సాగర్ పక్కన వచ్చినంతసేపూ కుడివైపు చూడలేకపోయాను.

ఆ వారంలోనే నిజం రాసి ఆఫీసులో ఇచ్చాను. నన్నూ ఎగరకుండా ఆపేశారు. దాని కాపీ తీసుకుని మాచర్ల వెళ్లాను. అన్న ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివారు.

“చూసే రాశావా?”

“చూసే రాశానన్నా. ఆ రోజు నన్నెందుకు కాపాడావు?”

“అంకె పెట్టింది నేనే గదా. ఇద్దరం పోయేదెందుకని.”

వదిన మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. “చీర గూడా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నానయ్యా,” అంది. కోపంగా అన్నా బాగుండేది.

అన్న కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. “ఇది నాకెందుకురా? చెప్పినా వినని మనిషినని అనుకుంటున్న ట్రైనింగ్ పిల్లోళ్లున్నారే, వాళ్ల ముందర చదువు.”

అనుమతి తీసుకుని, ట్రైనింగ్ క్లాసులో కొత్త కో-పైలట్ల ముందు నిలబడి చదివాను. ‘నేను చెప్పలేదు కాబట్టి ఆయన వినలేదు’ అనే వాక్యం సగంలో ఆగిపోయాను. దాని కింద వేలు పెట్టుకుని, ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.