నాకేంటికిలే మే

నన్ను హాస్యనటి అంటారు. తిరుపతిలో ఒక సభలో ఇంకా పెద్ద బిరుదే ఇచ్చారు. అది జ్ఞాపిక మీద ఒక వరసలో పట్టక రెండు వరసల్లో చెక్కించారు. నిజానికి నాకు నవ్వించడం రాదు. మా అమ్మలా మాట్లాడటం వచ్చు. అంతకుమించి నాకు ఏమీ రాదని తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు, నేనూ మా అమ్మా.

అమ్మ చిత్తూరులో కోర్టు వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. మా నాయన ఉన్నప్పుడే, ఆయన చెప్పేది వినపడకుండా మిషను చప్పుడు కావాలని మొదలుపెట్టిన పని అది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ఇంట్లో సంగతులన్నీ చెప్పేవాళ్లు. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని వినేది. సూదులు తీశాక మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"నాకేంటికిలే మే."

నాకెందుకులే అని అర్థం. 'మే' అనేది మా వైపు ఆడవాళ్లను చనువుగా పిలిచే పిలుపు. ఆ మాట అన్నాక ఆమె అరగంట కలగజేసుకునేది. అత్తగారితో ఎలా మాట్లాడాలో, ఆడబిడ్డను ఎన్ని రోజులు ఉంచుకోవాలో, ఎన్నో రోజు నుంచి కూరలో కారం పెంచాలో చెప్పేది. చివరికి జాకెట్టు శుక్రవారానికి ఇస్తాననేది. ఇచ్చేది కాదు.

నేను సినిమాల్లోకి నవ్వించడానికి వెళ్లలేదు. చెన్నైలో గొంతు ఇచ్చే పనికి వెళ్లాను. బాధపడే కథానాయికలకు నా గొంతు బాగుంటుందని ఎవరో అన్నారు. మొదటి రోజే ఆ కథానాయిక చావాల్సి వచ్చింది. కాగితం మీద 'నువ్వు లేకపోతే నేను చచ్చిపోతాను' అని ఉంది. నేను కళ్లు మూసుకుని, గుండె నిండా దుఃఖం తెచ్చుకుని, "సచ్చిపోతాను" అన్నాను. మా చిత్తూరు నోళ్లలో 'చ' చాలాసార్లు 'స' అయిపోతుంది, మాకు తెలియదు. అద్దం అవతల ఉన్నవాళ్లందరూ నవ్వారు. మళ్లీ చెప్పమన్నారు. ఈసారి ఇంకా బాధగా సచ్చిపోయాను. ఆ పని పోయింది. కానీ ఆ అద్దం వెనక కూర్చున్న దర్శకుడు తన తర్వాతి సినిమాలో పక్కింటి ఆవిడ వేషం ఇచ్చాడు. నా మాటలు కాగితం మీద రాయలేదు. "మీ ఊర్లో ఏమంటారో అదే అనండమ్మా" అన్నాడు.

కెమెరా ముందు నాకు ఒక్కటే గుర్తొచ్చింది. "నాకేంటికిలే మే" అన్నాను.

ఆ సినిమాకు అమ్మను చిత్తూరులోనే తీసుకెళ్లాను. నేను తెర మీద నోరు విప్పగానే హాలంతా నవ్వింది. వెనక వరసలో ఒకాయనకు పొలమారింది. అమ్మ నవ్వలేదు. విశ్రాంతి సమయంలో లైట్లు వేశాక నన్ను అడిగింది.

"నేను మాట్లాడితే ఇంత నవ్వుగా ఉంటాదా?"

"నిన్ను చూసి కాదమ్మా, నన్ను చూసి నవ్వతాండారు" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత నేను పిన్నినయ్యాను, హాస్టలు వార్డెన్నయ్యాను, పోలీసునయ్యాను. అందరూ మా అమ్మలాగే మాట్లాడారు. ఒక సినిమాలో దయ్యాన్ని. ఆ దయ్యం కూడా చిత్తూరు కోర్టు వెనక వీధి దయ్యమే. మీ హాస్యానికి మూలం ఏమిటని విలేకరులు అడిగితే 'పరిశీలన' అని చెప్పేదాన్ని. ఆ పరిశీలన జాకెట్లు కుడుతుందని ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చిత్తూరులో మాత్రం చెప్పాల్సిన పని లేకపోయింది. కొలతలకు వచ్చినవాళ్లు చేతులు చాపి నిలబడి, "ఆ మాట ఒకసారి అనక్కా" అనేవాళ్లు. కుట్టించుకోవడానికి గుడ్డ తేకుండా, మాట వినడానికే వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అమ్మ సూదులు నోట్లోంచి తీయడం మానేసింది.

ఇక నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె టీవీ వార్తల భాష మొదలుపెట్టింది. "వచ్చావా తల్లీ? ప్రయాణం చక్కగా జరిగిందా?" అని గుమ్మంలో అడిగితే, తప్పు ఇంటికి వచ్చానేమోనని వెనక్కి చూశాను. మంచి తెలుగులో 'స' అనేది ఉండదని, అది మావాళ్ల నోటి తప్పేనని ఆమె ఎలాగో తీర్మానించుకుంది. 'స'లన్నీ దిద్దేసింది. సబ్బు చబ్బయింది. సంచి చంచి అయింది. ఒక మధ్యాహ్నం రాగిముద్ద పళ్లెం ముందు పెట్టి, చాలా జాగ్రత్తగా, "చంగటి చల్లారిపోతోంది, చాంబారు వేసుకో" అంది.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. అంతటితో ఆగినా బాగుండేది. నా చేయి అలవాటుగా ఫోను తీసి, మర్చిపోకముందే ఆ మాట రాసుకుంది. తల ఎత్తేసరికి అమ్మ చూస్తోంది. ఆ రోజు నుంచి నాతో అవును, కాదు, తిను, పడుకో తప్ప మరేమీ మాట్లాడలేదు. నేను బయటికి వెళ్లగానే ఎదురింటి ఆవిడతో గలగలా మాట్లాడటం మెట్ల దగ్గరికి వినపడేది. నేను ఆ మెట్ల మీద నిలబడి వినేదాన్ని. ఈసారి రాసుకోవడానికి కాదు. మా అమ్మ గొంతు వినాలనిపించి.

మొన్న కార్తీకంలో ఇద్దరం తిరుచానూరు వెళ్లాం. అమ్మవారి దర్శనానికి ముందు పూలు కొంటుంటే పూలామె నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు సినిమాల్లో చేస్తాండావు గదమ్మా! ఆ మాట ఒకసారి అను, మా పిల్లోళ్లకు చెప్పుకుంటా."

"అది నాది కాదక్కా, మా అమ్మది" అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నాను.

"అట్నా! అయితే నువ్వే అను పెద్దమ్మా."

అమ్మ నా వైపు చూసింది. పూల వైపు చూసింది. తర్వాత, ఎన్నో ఏళ్లుగా మిషను ముందు అన్నట్టే, మెల్లగా, "నాకేంటికిలే మే" అంది. నేను ఎన్నిసార్లు అన్నా అలా రాలేదు.

పూలామె తల అడ్డంగా ఊపింది.

"బాగానే ఉండాది గానీ, మీ పాప అన్నట్టు రాలే పెద్దమ్మా."

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"ఏందిమే? నా మాట నాకే రాదా? ఈమె పుట్టకముందు నుంచి అంటాండాను నేను ఆ మాట. నా కాడ నేర్సుకోని పోయింది ఈమె. నువ్వు ముందు మూర సరిగ్గా కొలువు, మాటలు తర్వాత కొలుద్దువు. ఇది మూరా? యాడన్నా సూసినావా ఇట్లాంటి మూర?"

పూలామె ఇంకో జానెడు కలిపింది. అమ్మ ముఖం కడిగినట్టు తేటగా అయింది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

తిరుపతి బస్టాండుకు వచ్చే షేర్ ఆటోలో ధైర్యం చేసి అడిగాను. "నాతో కూడా అట్లే మాట్లాడొచ్చు కదమ్మా?"

అమ్మ రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "నీ ముందర నోరు తెరవాలంటే నాకు బయ్యంగా ఉండాది మే. ఏమన్నా ఎత్తుకోని పోతావు. నాకంటూ ఒగ మాటన్నా మిగలనీ."

రెండేళ్ల తర్వాత ఆమె నాతో తన భాషలో మాట్లాడింది అదే. నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చున్నాయన నన్ను గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

అమ్మ ఆటోలో అన్న ఆ మాట నేను ఏ సినిమాలోనూ వాడలేదు. ఇక్కడ రాసేశాను.