రెండు వేసవుల సబ్జా నీళ్లు

మామిడితోట ఉన్న ఇంట్లో కాపురం చేస్తూ రెండు వేసవులు పండు ముట్టని మనిషిని నూజివీడు చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎవరూ నా చేతులు కట్టేయలేదు. నా తెలివే ఆపింది.

యాభై దాటాక ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి గుండెల దగ్గర నుంచి మొహం దాకా సెగ, వెనకే చెమట, ఆపైన చలి. పళ్లు వేడి చేశాయని నేనే తేల్చేశాను. చింతలపూడి నుంచి వచ్చిన మా వదినగారు, అంటే మావారి అక్కగారు, ఔనన్నారు. "రసాలు మానెయ్యమ్మాయ్. సబ్జా నీళ్లు తాగు, చల్లబడుతుంది," అన్నారు, నా వాటా రసం పిసుకుతూ. వెళ్లేటప్పుడు నా వాటా బుట్ట కూడా ఆవిడతోనే బస్సెక్కేది. ఇల్లంతా రసాలు, నాకు నీరసాలు.

పండు మానినా తగ్గకపోతే ఆవకాయ మానేశాను. అదీ కాదంటే, గదిలో గడ్డిలో మగ్గుతున్న కాయల వాసన పడట్లేదనుకుని వాటిని కొట్టంలోకి మార్పించాను.

మొన్న జనవరిలో, పొద్దున్నే మంచులో శాలువా కప్పుకుని తోటకి వెళ్తే మళ్లీ సెగ. శాలువా తీసి కొమ్మకి తగిలించి తలెత్తి చూశాను. చెట్టు నిండా పూతే, పిందె కూడా లేదు. ఇక ఏ పండు మీద నేరం మోపను?

నూజివీడు డాక్టరమ్మ బీపీ చూసింది, గర్భసంచి ఉందా అంది, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డకట్టడం ఉన్నాయా అని అడిగింది, పరీక్షలు చేయించింది. నెలసరి ఆగే వయసులో హార్మోను తగ్గితే ఇలాగే ఉంటుందంది. చేతికి రాసుకునే జెల్లూ, పడుకునేముందు మాత్రా రాసి, మూడు నెలలకి రమ్మంది. నా అనుమానమల్లా ఒక్కటే: మామిడిపళ్లు తినొచ్చా?

"షుగర్ లేదుగా, తినండమ్మా. దీనికీ పళ్లకీ సంబంధం లేదు."

ఇంటికొచ్చాక మావారు హార్మోన్లంటే భయపడి, కాస్త ఆలోచిద్దామన్నారు. ఏటా పూత కోసం చెట్ల పాదుల్లో, వాటి హార్మోన్లని మార్చే మందు పోయించే మనిషి.

"చెట్లనడిగే పోయించారా?" అన్నాను.

వెంటనే వెళ్లి మందులు తెచ్చారు.

ఆ నెల చెట్లకీ పూతే, నా చేతికీ పూతే. నాదే ముందు నిలబడింది. ఉగాదికల్లా సెగలు ఎప్పుడో ఒకటి. ఆవకాయ జాడీ మళ్లీ నా కంచం పక్కకి చేరింది.

మే నెలలో వదినగారు వచ్చారు. అలవాటుగా పళ్ల కోసం చెయ్యి చాపారు. ఆ చేతిలో పెద్ద గ్లాసుతో సబ్జా నీళ్లు పెట్టాను. ఎదురుగా కూర్చుని రసం మెత్తగా పిసికి, ముచిక తీసి, టెంక తెల్లబడేదాకా తిన్నాను. తర్వాత ఇంకొకటి.

"ఇంకా ఎంత తాగాలమ్మాయ్?" అన్నారావిడ.

"నేనైతే రెండు వేసవులు తాగానండీ," అని మూడో పండు అందుకున్నాను.