మలుపు దాటినంక చెప్త

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక్క నిమిషం కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం కూడా అటూ ఇటూ తిరుగుతూనే తినేవాడు. తెల్లదొరల కాలంలో జరిగిన పెద్ద యుద్ధంలో ఆయన బాంబులు వేసే విమానంలో వైర్‌లెస్ చూసేవాడు. విమానం కూలి శత్రువులకు ఖైదీగా చిక్కాడు. ఏది నిజమో ముందే చెప్పే అలవాటు నాకు లేదు గానీ, ఈ ఒక్కటీ నమ్మండి.

ఒకరోజు మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. తాతయ్యా నేనూ వెతుక్కుంటూ పోతే మందు కోఠిలో దొరికింది. కొని బయటికొచ్చేసరికి ఏదో గొడవై బస్సులు, రిక్షాలు అన్నీ మాయం. చిక్కడపల్లిలో ఇంటి దాకా నడకే గతి. కాచిగూడలో నేను రోడ్డు మీద చతికిలబడ్డాను. నన్ను ఎత్తుకునే నడుము ఆయనకు లేదు. ఆ గొడవలో వదిలేసి పోనూలేడు. అక్కడ నాయనమ్మ ఊపిరి కోసం పెనుగులాడుతోంది.

తాతయ్య కసురుకోలేదు. "మా పెండ్లిల ఏనుగు బిర్యానీ గంజు ఎత్తుకొని ఉరికింది, ఎరుకేనార నీకు?" అన్నాడు.

"ఏడికి ఉరికింది తాతా?"

"గా మలుపు దాటినంక చెప్త."

లేచాను. ఆ మలుపు దాటేసరికి ఏనుగు మూసీలో దిగింది. ఇంకో మలుపులో పెళ్లికొడుకు, అంటే ఈయనే, గుర్రంతో సహా నీళ్లలో దూకాడు. నారాయణగూడలో నేను మళ్లీ మొరాయిస్తే, నాయనమ్మ తమ్ముడు గంజులో కూర్చుని తేలుతూ బిర్యానీ మెక్కుతున్నాడు! తాతయ్య కాళ్లు మాత్రం ఆగడం లేదు.

మందు పడ్డాక నాయనమ్మ మెల్లగా తేరుకుంది. ఏనుగు సంగతి అడిగాను.

"ఏనుగా? మా పెండ్లికి గాడిద గూడ రాలె," అంది.

అప్పుడు చెప్పాడు తాతయ్య. యుద్ధం ముగిసే ముందటి చలికాలంలో కాపలావాళ్లు ఖైదీల శిబిరం ఖాళీ చేయించి, అందరినీ మంచులో రోజుల తరబడి నడిపించారట. కూర్చున్నవాడు మళ్లీ లేచేవాడు కాదు. అందుకని జంటలుగా నడుస్తూ కథలు చెప్పుకునేవారు. ఎవరి కథా మలుపుకు ముందు ముగియకూడదు, అదీ వాళ్ల కట్టుబాటు. ఆయన జంట, అదే విమానంలో తుపాకీ పట్టిన కుర్రాడు, ఈ ఏనుగు వెనకాలే చాలా దూరం నడిచాడు.

"ఆయన ఇంటికి పోయిండా తాతా?"

తాతయ్య కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. "ఒకనాడు నాకే పాణం సాలక కథ ముగించిన్రా. నడిచే తొవ్వ ఇంక మిగిలే ఉండె."

ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారు ఉద్యోగాలకు చదివే పిల్లలు నన్ను కోతలన్న అంటారు. పరీక్ష మళ్లీ వాయిదా పడిందని, ఊరికి పోతానని ఎవరైనా సంచీ సర్దుకుని మెట్ల మీద కూలబడితే, నేను పక్కన కూర్చోను. లేపి, నడిపిస్తూ ఓ కోత మొదలుపెడతాను. చివరికేమైందో చెప్పమని ఎంత బతిమాలినా, రేపు రమ్మంటాను.