మార్చడం వేరు, వేయడం వేరు

స్టీరింగక్కకు సలహాల కరువు లేదు. ఆమె బండి లాంటిది ఊళ్లో మరొకటి లేదు గానీ, దాని గురించి తెలియదనే మనిషి ఒక్కడూ దొరకలేదు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిన పాత కారు అది. దాని ఇంజన్‌కు బలం పెంచాలని ఆమె నోరు తెరిచిందో లేదో, "డీజిల్ ఇంజన్ దింపెయ్" అన్నాడొకడు. "కార్బురేటర్లు రెండు పెట్టు, గాల్లో లేస్తుంది" అన్నాడింకొకడు. పాత కార్ల సంఘం పెద్దమనిషైతే అలాంటి బండిని విప్పడమే పాపమని, కడిగి తుడిచి షెడ్డులో దాచుకోమని సెలవిచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అక్కకు గాల్లో లేవక్కర్లేదు. కొండ కాలనీ ఎత్తు ఎక్కితే చాలు. సీట్లు మడిస్తే మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగే బండి, ఆ సందులో పట్టే బండి అదొక్కటే. అంబులెన్సు అక్కడికి రాదు. మీది రోడ్డు కాదు, కాలిబాట అని ఆఫీసువాళ్లు తేల్చేశారు. ఓట్లకొచ్చే జీపులకు మాత్రం అది ఎప్పుడూ రోడ్డే. కాన్పులకైనా, విరిగిన కాళ్లకైనా, డయాలసిస్‌కు తిరిగే పిన్నికైనా అక్క బండే దిక్కు.

ఆ పిన్నిని ఆసుపత్రి నుంచి తెస్తుండగానే ఎత్తు మలుపులో ఇంజన్ చచ్చి, బండి వెనక్కి జారింది. ఎవరిదో పిట్టగోడ అడ్డుపడి ఆగింది. అవతల లోయ.

అన్ని నోళ్ల మధ్య అక్క నమ్మింది ఒక్కరినే. వేరే ఊళ్లో అలాంటి బండినే నడిపిన, రిటైరైన లెక్కల టీచరమ్మ. ఫోను పరిచయం. మిగతావాళ్లు అడగకముందే చెప్పారు. ఆవిడ చెప్పేముందు అడిగింది. ఎందరు ఎక్కుతారు, ఎత్తు ఎంత నిటారు, రేడియేటర్లో నీళ్లు మరుగుతున్నాయా అని. అక్క అడిగిన కొన్నింటికి "అది నాకు తెలీదమ్మా, ఊహించి చెప్పను" అంది. ఆ మాట విన్నాకే అక్కకు ధైర్యం వచ్చింది. టీచరమ్మ తన దగ్గరున్న పెద్ద పిస్టన్లు, అవి ఆడే స్లీవులు, అంటే ఇనుప గొట్టాలు, పార్సిల్ పంపింది. "పాత స్లీవులు మార్చి ఇవి పెట్టించు" అని ఫోనులో మాట రికార్డు చేసి పెట్టింది.

ఇంజన్ ఇప్పుడు లేత్ షాపులో, ఇనుములో కన్నం తొలిచే బోరింగ్ మిషన్ కింద బిగించి ఉంది. మేస్త్రి చెయ్యి తిరిగినవాడు, అబద్ధం ఆడనివాడు. సిలిండర్ అంచున ఉన్న సన్నటి రింగు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో, ఎవరో ఇదివరకే స్లీవు వేశారు. దీన్ని కోసి పారేసి, కన్నం పెద్దది చేసి, కొత్తది బిగగొడతా."

"ఆవిడ మార్చమంది బాబాయ్. వేయించమనలేదు."

"రెండూ ఒకటేనమ్మా!"

"కోశాక పొరపాటని తెలిస్తే?"

"ఇనుమేమన్నా చీరా, అతుకు వేసి కుట్టడానికి?"

అక్క ఫోను చేసింది. టీచరమ్మ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇంతలో పిన్ని కూతురు ఫోను. వానకు బాట జారుడైపోయి, కుర్చీలో మోసుకెళ్లేవాళ్లు మధ్యలోంచే తిరిగొచ్చారట. "అమ్మకు ఆయాసం ఎక్కువైందక్కా. కాళ్లు వాచిపోయాయి. బండి ఎప్పుడొస్తుంది?"

"వస్తుందే. తలగడ ఎత్తుగా పెట్టు" అంది అక్క. ఎప్పుడో చెప్పలేదు.

"విన్నావుగా?" అన్నాడు మేస్త్రి. "అక్కడ మనిషి పోతుంటే ఇక్కడ మాటలు పట్టుకు వేలాడతావేంటి? ఆ టీచరమ్మ పాఠాలు చెప్పిందా, ఇంజన్లు విప్పిందా?"

ఆయన చెప్పిందీ నిజమే. ఆలస్యమైతే పిన్ని పోతుంది. ఇంజన్ పాడైతే ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు. అప్పుడు పిన్నితో ఆగుతుందా?

మేస్త్రి మీట నొక్కాడు. కత్తి తిరుగుతూ కిందికి దిగుతోంది. అక్క అరచెయ్యి తీసుకెళ్లి సిలిండర్ నోటి మీద పెట్టేసింది.

"పిచ్చా నీకు!" మేస్త్రి ఒక్క గుద్దుతో మిషన్ ఆపాడు. "చెయ్యి పోయేదే, మొండిఘటమా!"

"తిట్టు బాబాయ్. కొయ్యకు."

అప్పుడు మోగింది ఫోను. అక్క స్పీకర్ పెట్టి, మేస్త్రి పాత స్లీవు కోస్తానంటున్నాడని చెప్పింది.

"కోయడమేంటి!" టీచరమ్మ గొంతు కీచుమంది. "వద్దు వద్దు! ఆ స్లీవులు బిగగొట్టినవి కావు, చుట్టూ నీళ్ల మధ్య ఊరికే నిలబెట్టి ఉంటాయి. ఇంజన్ తిరగేసి, కిందినుంచి చెక్క ఆనించి తట్టండి, వచ్చేస్తాయి. రాకపోతే నాకు తెలిసిన ఇంజన్ కాదది. అప్పుడు మేస్త్రిగారి మాటే వినండి."

ఇద్దరూ కలిసి ఇంజన్‌ను మిషన్ నుంచి విప్పి తిరగేశారు. అక్క చెక్క ఆనించి సుత్తితో కొట్టింది. కదల్లేదు. మళ్లీ కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇలా తే. అది దెబ్బా, దోమను కొట్టడమా?" మేస్త్రి సుత్తి లాక్కున్నాడు. చెక్క సర్ది, ఊపిరి బిగబట్టి ఒక్కటిచ్చాడు. లోపల ఏదో కిర్రుమంది. మరొక్కటి. ఎర్రటి తుప్పునీళ్లు బల్ల మీదికి కారాయి. గొట్టం గొట్టంగానే స్లీవు బయటికి జారింది.

మేస్త్రి దాన్ని చేతిలో తిప్పి చూశాడు. లోపల అది కూర్చునే అంచును వేలితో తడిమాడు.

"ఓర్నీ... గూట్లో పెట్టిన గ్లాసులా ఉందే! నా కత్తి దిగుంటే గూడే పోయేది." కత్తిని పక్కకు తోసేసి, "బట్ట అందుకో. ఈ అంచు అద్దంలా తుడవాలి. పిన్నికి చెప్పు, రేపు పొద్దున్నే వస్తున్నామని" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి కొండెక్కుతున్నప్పుడు మేస్త్రి పక్కసీట్లోనే కూర్చున్నాడు, ఒళ్లో పెద్ద రాయి పెట్టుకుని. జారితే చక్రం కింద వేయడానికి. మలుపు దగ్గర ఇంజన్ మూలిగింది గానీ ఆగలేదు.

పిన్నిని డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చి, మిషన్ తిరగడం మొదలయ్యాకే అక్క వరండాలో చతికిలబడింది. టీచరమ్మకు ఫోను చేసింది.

"ఎక్కింది టీచరమ్మా" అంది, ఏడుపు ఆపుకోలేక.

"నీళ్లు మరిగాయా? కింద ఎక్కడైనా కారుతోందా?"

"చూడలేదు."

"ముందు వెళ్లి చూసిరా. ఇంకా వెనక్కి తీసుకెళ్లాలిగా ఆవిడను. ఏడుపు తర్వాత."