బంద్ నాటి షికారు

భవానీపూర్‌లో ఉన్న రోజుల్లో, టాపు మడిచి పెట్టుకునే పాత స్పోర్ట్స్ కారొకటి కొనాలని నాకు పిచ్చి పట్టింది. అక్కడి ఓ గ్యారేజీలో రెండు దొరికాయి. ఎర్రది కాలు పెడితే చాలు దూకేది, కానీ చిన్న బోల్టు పోయినా బొంబాయి నుంచి తెప్పించాలి. ఆకుపచ్చది మూలుగుతూ నడిచేది, దాని సామాను మాత్రం ఏ వీధిలోనైనా దొరికేది.

"ఎర్రది పరిగెడుతుంది, ఆకుపచ్చది బతుకుతుంది. మీ ఇష్టం దాదా," అన్నాడు గ్యారేజీ నడిపే బెంగాలీ ఆయన.

మా ఆవిడది శ్రీకాకుళం వైపు. మొహమాటం తెలియదు.

"ఎర్రదాన్ని ఎక్కడ పరిగెట్టిస్తారేటి? రోజూ ట్రాము ఎనకాలే కదా ఎల్లాలి. ఈ ఊళ్లో రోడ్డు ఖాళీగా ఉండేది బంద్ నాడే. ఆనాడు బండి బయటికి తియ్యనివ్వరు," అంది.

నిజమే. నిజాన్ని అలా మొహం మీద చెబితే నాకు ఒళ్లు మండుతుంది. మర్నాడే ఎర్రది కొనేశాను.

ఏడాదంతా అది ట్రాముల వెనకాల వేడెక్కి బుసలు కొట్టింది. బొంబాయి పార్సిళ్లు వస్తూనే ఉన్నాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

ఒక బంద్ నాడు వీధి చివరిదాకా ఒక్క బండీ లేదు. ఉండబట్టలేక, ఇంటి ముందు నిలిపిన కారు టాపు మడిచి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఇంజను జోలికి మాత్రం పోలేదు. కాసేపటికి ఆమె రెండు గ్లాసుల టీతో వచ్చి పక్క సీట్లో కూర్చుంది. నాకో గ్లాసిచ్చి, ఎదురుగా ఉన్న ఖాళీ రోడ్డు వంక చూసింది.

"కూసింత నెమ్మదిగా నడపండి," అంది. "టీ ఒలికిపోద్ది."