శాలువా పిన్ను

ఆ ఉదయం కూడా నికొలాసా బొలీవియా కొండల మీది ఎల్ ఆల్టో ఊళ్ళో బస్సులు మలుపు తిరిగే చోట ఊదా మొక్కజొన్న జావ కాచింది. లవంగాలు ఎక్కువేశాడని మొగుడు జెనోన్‌ని తిట్టింది. శాలువా పిన్ను సర్దుకుని స్టూలు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. క్యాన్సర్ కాదు. ఆ మాట వింటే ముందు నవ్వేది ఆమే.

ఎందుకంటే క్యాన్సర్‌తో పోవడానికి ఒకసారి పూర్తిగా సిద్ధపడి భంగపడిన మనిషి ఆమె.

లింఫోమాకు మందులెక్కించడం అయ్యాక, అక్కడ చలికాలమైన జూన్‌లో, రోగం పోయిందో లేదో చూడటానికి స్కాన్ తీయిస్తామన్నారు. ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. పిన్ను లేని శాలువా కప్పుకుని నలుగురిలోకి వెళ్ళడం ఆమె దృష్టిలో పరువు తక్కువ. అందుకని శాలువాని కూడా ఇంట్లోనే వదిలేసి పల్చటి రవికెతో వెళ్ళింది.

“చలెయ్యదూ?” అన్నాడు జెనోన్.

“పొయ్యి దగ్గర బతికేదాన్ని, నాకు చలేమిటి?”

స్కాన్‌లో మెడకు రెండు పక్కలా, భుజాల దగ్గరా మెరుపులు కనిపించాయి. రోగం తిరిగొచ్చినట్టుంది, రూఢి చేసుకోవడానికి మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు. ఆ వారమే నికొలాసా తన పండగ టోపీని, ఏళ్ళ తరబడి మాటల్లేని పక్కనే బండి పెట్టుకునే ఎదువీహెస్ అనే ఆవిడకి ఇచ్చి, క్షమించానని చెప్పి వచ్చింది.

రెండోసారీ ఆమె రవికెతోనే వెళ్ళింది. డాక్టరు చూశాడు. “పోయినసారీ ఇలాగే వణుకుతూ కూర్చున్నారా?”

దుప్పటి కప్పించి, వెచ్చటి గదిలో ఉంచి తీస్తే మెరుపులు లేవు. చలేసినప్పుడు ఒళ్ళు వెచ్చబెట్టే కొవ్వు మెడ దగ్గర ఉంటుందట. అది పనిచేస్తుంటే స్కాన్‌లో రోగంలాగే కనిపిస్తుందట. బయటికొచ్చేటప్పుడు నర్సు దుప్పటి ఏదని అడిగింది. నాకేం తెలుసని నికొలాసా దబాయించింది. తన భార్య అలాంటిది కాదని జెనోన్ సాక్ష్యం కూడా చెప్పాడు.

అటునుంచి అటే ఎదువీహెస్ దగ్గరికి వెళ్ళింది.

“టోపీ ఇలా ఇయ్యి వదినా. చావు వాయిదా పడింది.”

“మరి క్షమించడం?”

“అది ఉంచుకో. టోపీ మాత్రం నా తలకే సరిపోతుంది.”

ఆపైన జావ తాగేవాళ్ళందరికీ అదే కథ. “చలికి జలుబు తెచ్చుకున్నవాళ్ళని చూశాను. క్యాన్సర్ తెచ్చుకున్నది నేనొక్కదాన్నే.”

చలేస్తోందా అని జెనోన్ ఎప్పుడడిగినా, నాకా అని నవ్వి రగ్గు అతని వైపే తోసేది. అతను కప్పుకుని హాయిగా నిద్రపోయేవాడు.

ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఎదువీహెస్ అతన్ని పిలిచి చూపించింది. పొరలు పొరలుగా ఉన్న లంగాలన్నిటి కింద, ఒంటికి ఆనుకుని, ఆ దుప్పటి. నడుముకు కట్టుకోవడానికి దానికి నాడా కుట్టుకుంది. ఒక మూలన ఆసుపత్రి నీలం ముద్ర ఉంది. అంచు అరిగిపోయి, రెండుచోట్ల అతుకు వేసి ఉంది.