పిట్టకిచ్చిన మాట

మూడో రోజు పిట్టకు పెడితే కాకి ముట్టలేదు. తమ్ముడికి ఇష్టమని కోడికూర, జొన్నరొట్టె, కూల్‌డ్రింకు విస్తరాకు దగ్గర పెట్టి, దేవరకొండ ఎండలో అందరం దూరంగా నిలబడ్డాం. జ్వరమొచ్చి, హైదరాబాదు దవాఖానకు చేరేలోపే పోయాడు వాడు. వేపచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగదు. పోయినవాడి కోరికేదో మిగిలిందని తలా ఒక మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

"మీ అమ్మను మంచిగ సూసుకుంటం బిడ్డా, ముట్టు," అన్నాడు మేనమామ.

"నీ బండి అమ్మంరా," అన్నాడు నాయిన.

నాకు ఒళ్లు మండింది. వాడి గురించి వీళ్లకేం తెలుసు? చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, డప్పు చప్పుడూ బోరు మోటారు చప్పుడూ ల్యాప్‌టాప్‌లో కలిపి ర్యాప్ పాటలకు బీట్లు కట్టేవాడు. వాడికి ఇంకేం కోరిక ఉంటుంది?

"నీ పాట బయటికి తెస్తరా! నువ్వు చేసింది చేసినట్టే తెస్త! నా మీద ఒట్టు, ముట్టురా!" అని అరిచాను.

కాకి దిగింది. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

మాటైతే ఇచ్చాను గానీ, పాట సగమే ఉంది. బీటు కట్టాడు, దాని మీద ఇంకా ఎవరూ పాడలేదు. అమ్మకు అదంతా పట్టదు. "పాట అచ్చిందాక నా కొడుకు తొవ్వలనే ఉంటడే," అని పట్టుబట్టి అన్నం మానేసింది. రెండు ముద్దలు తినిపించడానికి నా తలప్రాణం తోకకొచ్చేది. పాట ఇంకా రాలేదా అని పొద్దున లేస్తే అదే అడగడం. నాకు పిచ్చెక్కేలా ఉండేది.

ఆ బీటు మీద పాడాల్సిన తమ్ముడి దోస్తు హైదరాబాదులో ఉంటాడు. ఆ సగం పాట పంపించాను. నిగనిగలాడే పాట తయారుచేసి తిరిగి పంపాడు. అందులో స్నేహం మీద అతని ఏడుపుంది, వయొలిన్లున్నాయి. అమ్మ కందులు చెరుగుతుంటే తమ్ముడు రికార్డు చేసుకున్న చాట చప్పుడు మాత్రం లేదు.

"గా చాట చప్పుడేందక్కా, జనం నవ్వుతరు. సాఫ్ చేసిన," అన్నాడు ఫోన్‌లో.

"నవ్వితే నవ్వనియ్! అది మా అమ్మ చాట. నీ ఏడుపు నువ్వు వేరే పాటల ఏడువు!" అని పెట్టేశాను.

తమ్ముడు చేసిన పాటను అప్పుడే మొదటిసారి చివరిదాకా విన్నాను. చాట ఆగాక అమ్మ గొంతు వినిపించింది. "జర బువ్వ తినరాదు బిడ్డా, సల్లగైతాంది." వెనకే తమ్ముడు: "ఆగవే అమ్మా, అయిపోవచ్చింది." అంతే, ఇంకేమీ లేదు. బతికుంటే ఆ మాటలు వాడే కోసేసేవాడు. నాకు చేతులు రాలేదు. పాట మొత్తంలో వాడి గొంతు ఉన్నది అక్కడొక్కచోటే. ఉన్నదున్నట్టు నెట్‌లో పెట్టేశాను.

పెట్టగానే అమ్మకు వినిపించాను. చాట చప్పుడు వస్తుంటే అమ్మ చేతులు వాటంతటవే ఊగాయి. చివరి మాటలకు ఆగిపోయాయి.

"అయిపోయిందమ్మా. పాట అచ్చింది, మాట నిలబెట్టుకున్నం. ఇగ నువ్వు తిను," అన్నాను.

అమ్మ లేచింది. హమ్మయ్య అనుకున్నాను. కంచంలో అన్నం పెట్టుకొచ్చి, ఫోను ముందు పెట్టి కూర్చుంది.

"అయిపోవచ్చింది అంటాండు గదనే," అంది. "వాన్ని రానీ."